ఆయన నంబరు

ఫిబ్రవరి 2

రాసే అలవాటు పదో తరగతితోనే పోయింది. ఇవాళ అత్తతో మాట్లాడాక ఎవరితోనైనా ఒక మాట అనాలనిపించింది. బిడ్డ సంధ్యతో అంటే ఏడుస్తుంది, లేకపోతే కసురుతుంది. అందుకని ఇక్కడ.

ఊరి నుంచి సూరత్ పక్కన జోల్వాకు వచ్చి రెండు రోజులైంది. ఆయన కర్మకాండలన్నీ అయ్యాక కూడా అత్త దగ్గరే ఉందామనుకున్నాను. సంధ్యకు పరీక్షలున్నాయి. ఆయన ఫోను ఇన్నాళ్లూ సంచిలోనే ఉంది. ఇంట్లో ఫోను అదొక్కటే. బడి గ్రూపు దాంట్లోనే ఉంది. చీరలకు స్టోన్లు అతికించే పనికి డిజైన్లు కూడా సేట్ దాంట్లోకే పంపాలి. రీచార్జ్ చేయించి తెరిచాను. మెసేజులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరో ఆయన్ని ఆపకుండా పిలుస్తున్నట్టు ఫోను చాలాసేపు కొట్టుకుంది.

సాయంత్రం వాట్సాప్‌లో అత్తకు చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"మల్లేషా" అన్నది.

"నేనత్తా, సంగీతను."

"తెలుసు బిడ్డా. మంచిగ చేరిండ్రా? సంధ్య బడికి పోయిందా?"

తెలిసీ అట్లా ఎందుకు పిలిచిందో నేను అడగలేదు. అత్తకు చదువు రాదు. ఆ పెద్ద ఫోను ఆయనే కొనిచ్చాడు. ఫోను మోగితే వచ్చే ఫోటోను చూసి ఎవరిదో తెలుసుకుంటుంది. నేను చేస్తే ఆయన ఫోటో వస్తుంది. ఈ సంగతి నాకు ఫోను పెట్టేశాక తట్టింది.

ఫిబ్రవరి 4

సూరత్‌లో మనవాళ్ల గ్రూపు నిండా గుడ్ మార్నింగులే. ఆయనకు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఫిబ్రవరి 7

మరిది పరుశురాం సచిన్ ఏరియా నుంచి బండి మీద వచ్చాడు. అక్కడి కారఖానాలో మరమగ్గాలు, సాంచాలంటారు, నడుపుతాడు. 'సూరత్ మనోళ్లు' గ్రూపుకు అడ్మిన్ అతనే. నీళ్లు తాగుతూ ఫోను వైపే చూశాడు.

"ఒదినె, అన్న ఫోటో తియ్యరాదు దాంట్లకెళ్లి."

"ఏమైంది?"

"ఏమైందంటె ఏం చెప్త? నువ్వు కొట్టినా అన్ననే వస్తుండు. నిన్న గ్యాస్ బండ గురించి సాంబయ్య కాకకు కొట్టినవట. ఆయన చాయ్ గిలాస మీద వోసుకున్నడు."

సంధ్య నవ్వింది. నవ్వకూడదని గుర్తొచ్చి ఆపుకుంది.

"కాకా, పప్పా ఫోటో తీసేస్తే ఫిర్ ఏం పెట్టాలి?"

"ఏదన్న పువ్వు పెట్టుర్రి. దేవుని ఫోటో పెట్టుర్రి."

"నీ గ్రూప్‌లో సగం మంది పువ్వులే కాకా. మిగతా సగం హనుమాన్‌జీ. ఎవరెవరో సమజ్ అవ్వదు."

పరుశురాం కూడా కొంచెం నవ్వాడు. పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ అసలు మాట అన్నాడు.

"అండ్ల అందరు మొగోళ్లే ఒదినె. నువ్వు సదువుతున్నవని ఆళ్లకు తెల్వది. ఏదేదో పెడుతుంటరు."

"నేనవన్నీ చూడను" అన్నాను.

కొన్ని చూశాను. అవి కాదు నాకు కావలసింది. ఏ కారఖానాలో పని ఉంది, ఊరికి బస్సు ఎప్పుడు, ఎవరికి పిల్ల పుట్టింది, అన్నీ దాంట్లోనే తెలుస్తాయి. ఈ ఊళ్లో మనవాళ్లందరూ ఒక్కచోట కనబడేది ఆ గ్రూపులోనే. అందులో నేను నోరెత్తడం లేదు. కూర్చుని వింటున్నాను, అంతే. గడప అవతల కూర్చున్నట్టు.

ఫోటో తీయలేదు.

ఫిబ్రవరి 13

ఆయన పుట్టినరోజు. ఆ తేదీ ఆయనకే గుర్తుండేది కాదు. బడిలో వేసేటప్పుడు సారు తోచింది రాశాడట. ఫేస్‌బుక్‌కు మాత్రం గుర్తుంది. పొద్దున్నుంచి వస్తూనే ఉన్నాయి. భివండి నుంచి, సోలాపూర్ నుంచి, దుబాయి నుంచి. తెలియనివాళ్లు కొందరు. తెలిసి కూడా అలవాటు కొద్దీ నొక్కినవాళ్లు కొందరు. 'హ్యాపీ బర్త్‌డే మల్లన్నా, నిండు నూరేళ్లు బతకాలె.' కేకు బొమ్మలు. ఒకాయన అయితే ఆయన పాత ఫోటో చుట్టూ బెలూన్లు ఎగరేసి పంపాడు.

ఆయన ఎవరి మెసేజికీ జవాబు ఇవ్వకుండా ఉండేవాడు కాదు. భోజనం మధ్యలో కూడా ఎడమ చేత్తో నొక్కుతూ ఉండేవాడు. "జవాబియ్యకపోతె వీనికి మస్తు బలిసిందంటరే" అనేవాడు.

అందరికీ 'థాంక్స్ అన్న' అని పెట్టాను.

భివండి ఆయన 'ఏడున్నవు? కనవడతలేవు' అని అడిగాడు. ఏం రాయాలో తెలియలేదు. 'సూరత్‌లనే' అని రాశాను.

ఫిబ్రవరి 14

పరుశురాం ఫోను. నమస్కారం కూడా లేదు.

"ఏంది ఒదినె గిది? భివండి నుంచి ఫోనొచ్చింది నాకు. మల్లన్న పోయిండన్నరు, మల్ల నాకు థాంక్స్ ఎట్ల పెట్టిండు అని అడుగుతుండు. నేనేం చెప్పాలె? నవ్వాల్నా ఏడ్వాల్నా?"

"జవాబు ఇవ్వకపోతే బాగుండదని..."

"సచ్చిపోయినోడు జవాబియ్యకపోతె ఎవలేమనుకుంటరే!"

అరిచాక అతనే ఆగాడు. వెనక సాంచాల చప్పుడు వినబడుతోంది.

రాత్రి సంధ్య ఫోటో మార్చింది. నిరుడు డాబా మీద ఆయన తీసిన ఫోటో. నేనూ అదీ ఉన్నాం.

ఫిబ్రవరి 16

స్టోన్ పని తీసుకోవడానికి పోతే పోశమ్మక్క అక్కడే ఉంది. సాంబయ్య కాక భార్య. మా పక్క గల్లీలోనే ఉంటారు. ఆయన పోయిన రోజు నా పక్కన తెల్లారేదాకా కూర్చున్నది ఆమే.

"ఫోటోల చీర మంచిగ కొట్టొచ్చినట్టున్నది సంగీతా. కొత్తదా?"

"పాతదే అక్కా. నిరుటిది."

"నవ్వు గూడ మంచిగొచ్చింది."

పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు చేతిలో చీరల వైపు చూస్తూ ఉన్నారు.

ఇంటికి వచ్చి తీసేశాను. ఇప్పుడు తెల్లటి మనిషి ఆకారం ఒకటి ఉంది. కళ్లూ ముక్కూ లేవు. ఇది ఎవరికీ ఇబ్బంది లేదు.

ఫిబ్రవరి 18

అత్త మూడోసారికి ఎత్తింది.

"ఎవలు?"

"నేనత్తా."

"ఫోను మార్చినవా బిడ్డా?"

"లేదే. అదే ఫోను."

ఏదో అడగబోయింది. కింద టెంపో హారన్ కొట్టింది. చీరలు ఇవ్వాలి. మళ్లీ చేస్తానని పెట్టేశాను.

ఫిబ్రవరి 20

పరుశురాం ఊరికి పోయాడు. అత్త షుగరు మందులు అయిపోయాయట. ఒకసారి దవాఖానలో చూపిస్తానన్నాడు. మంచి పని. రెండు మెత్తటి చీరలు పంపాను.

ఫిబ్రవరి 25

అత్త ఎత్తలేదు. పొలంకాడికి పోయిందేమో.

ఫిబ్రవరి 26

ఎత్తలేదు. చార్జింగ్ లేదేమో.

ఫిబ్రవరి 27

ఎత్తలేదు. పరుశురాంను అడిగితే "అవ్వ మంచిగున్నది, నేను చూసే వచ్చిన" అన్నాడు. బాగుంటే చాలు.

మార్చి 2

సాంబయ్య కాక బిడ్డకు వరపూజ అయింది. పొద్దున్నే గ్రూపులో ఫోటోలు పెట్టారు. ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. నూనె రాసి జడ వేసేదాన్ని. పట్టుచీర కట్టుకుని తల వంచుకుని కూర్చుంది. అందరూ దండాలు, పువ్వులు, దీవెనలు పెడుతున్నారు. చూస్తూ చూస్తూ నేను కూడా రాశాను. 'చల్లగ ఉండు బిడ్డా. నీ కాపురం పదికాలాలు పచ్చగ ఉండాలె.'

పంపాక గ్రూపు ఆగిపోయింది. ఎవరూ ఏమీ పెట్టలేదు. అప్పటిదాకా కుప్పలుగా పడిన పువ్వులు ఒక్కసారిగా ఆగాయి.

మధ్యాహ్నం పోశమ్మక్క వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

"గదేం పని సంగీతా? పెండ్లివారు గూడ ఉన్నరు అండ్ల. మల్లేష్ అని పేరు వస్తుంది. పిల్లగాని అవ్వ ఆళ్లాయన ఫోన్ల చూసి అడిగింది, ఈ మల్లేష్ ఎవలు, మంచిగ దీవించిండని. ఏం చెప్పాలె? పోయినోడని చెప్పాల్నా?"

"నేను రాసినక్కా అది. నేను."

"నువ్వు రాసినవని నాకు ఎర్కనే. పేరు ఎవలది?"

"తీసేస్తా."

"తీసేస్తె తీసేసినట్టు గూడ వస్తదట గద. పరుశురాం చెప్పిండు. ఇగ తీసి ఏం లాభం."

ఆమె కోపంగా ఏమీ లేదు. భయపడ్డట్టుంది. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

పేరు మార్చాలి. ఆయన పేరు ఉండటం వల్లే ఇదంతా.

మార్చి 3

సంధ్యను కూర్చోబెట్టి పేరు మార్పించాను. 'సంగీత' అని పెట్టింది. తర్వాత తనే చెప్పింది, దాని వల్ల ఏమీ కాదని.

"వాళ్ల ఫోన్లో వాళ్లు ఏం సేవ్ చేసుకున్నారో అదే కనబడుద్ది మమ్మీ. మన దగ్గర మార్చినా ఫరక్ పడదు. అందరూ మల్లేష్ అని సేవ్ చేసుకున్నారు కదా."

"అయితే అందరూ మార్చుకోవాలా?"

"హా. ఒక్కొక్కరికి చెప్పాలి."

ఎవరి దగ్గరకు పోయి చెప్పను? మీ ఫోనులో నా మొగుని పేరు కొట్టేయండి, నా పేరు రాయండి అని.

మార్చి 4

పోశమ్మక్క ఇంటికి పోయాను. ముందు ఆమెతో మొదలుపెడదామని.

"అక్కా, నీ ఫోనులో, కాక ఫోనులో ఆయన పేరు మార్చుకో. నా పేరు పెట్టుకో. అప్పుడు నేను ఏమన్నా రాసినా నా పేరే వస్తుంది. పెండ్లినాడు కూడా ఇబ్బంది ఉండదు."

ఆమె ఫోను చేతిలోకి తీసుకోలేదు. మునక్కాయలు తరుగుతోంది.

"నీ పేరు వచ్చినా గంతేనాయె..." అని ఆగింది. తర్వాత పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోయింది. నాకు మాడు వాసన రాలేదు.

ఏమనబోయిందో తెలియదు. పిల్ల పెండ్లి పనుల్లో ఉంది, మనసు మనసులో ఉండదు. మళ్లీ అడగాలి, పెండ్లి అయ్యాక.

మార్చి 9

పెండ్లి పత్రిక గ్రూపులో పెట్టారు. 'అందరికి పేరుపేరున ఇదే మా పిలుపు. ఫోనుల పిలిచినమని అనుకోవద్దు' అని రాశారు. ఇంటికి వచ్చి పిలవడానికి టైం లేక కావచ్చు. సూరత్‌లో ఎవరికీ టైం లేదు. మా గల్లీలో ముగ్గురిళ్లకు బొట్టు పెట్టి చెప్పి పోయారు. ఆ ఇళ్లు దారిలో ఉన్నాయి.

మార్చి 12

పెండ్లికి సంధ్య పోయింది. పరుశురాం బండి మీద తీసుకుపోయాడు. నాకు అర్జెంటు పని ఉండింది. ఒక చీర పూర్తి చేశాను.

సంధ్య వచ్చి, "పోశమ్మ ఆంటీ నిన్ను అడిగింది మమ్మీ" అన్నది. "ఏమని?" అంటే "అంతే, అడిగింది" అన్నది. ఆకుల్లో చుట్టి లడ్డూలు పంపారు. బాగున్నాయి.

మార్చి 13

అత్తకు మెసేజి పెట్టాను. చదవడం రాదని తెలుసు. మాట రికార్డు చేసి పంపాను, నొక్కి వింటుందని. పక్కన ఒక్క టిక్కు గీతే పడింది. రెండోది పడలేదు. ఊళ్లో సిగ్నల్ ఎప్పుడూ అంతే.

మార్చి 14

ఒక్క గీతే. అత్త ఫోటో కూడా కనబడటం లేదు. కోడిపిల్లను పట్టుకున్న ఫోటో ఉండేది, సంధ్య తీసింది. మామూలుగా ఫోను చేస్తే బిజీ వస్తుంది. ఎప్పుడు చేసినా బిజీ. అత్త అంతసేపు ఎవరితో మాట్లాడుతుంది?

సంధ్య చూసి ఒక్క మాట అన్నది.

"బ్లాక్ చేశారు మమ్మీ."

"మీ నాయనమ్మకు బ్లాక్ చేయడం వస్తుందా?"

"నాయనమ్మకు రాదు."

అత్త ఎత్తకపోవడం పరుశురాం ఊరికి పోయి వచ్చినప్పటి నుంచి అని నాకు తెలుసు. కానీ అతను అట్లాంటివాడు కాదు. ఆయన పోయినప్పటి నుంచి మా ఇంటికి బియ్యం మోసింది అతనే. ఫోనులోనే ఏదో పాడై ఉంటుంది.

మార్చి 15

కొత్త నంబరు నుంచి ఫోను. సేట్ మనిషేమో అనుకుని ఎత్తాను.

"సంగీతనేనా?"

"అత్తా! ఎవరి ఫోను ఇది?"

"పక్కింటి నర్సవ్వది. నా ఫోన్ల నీ నంబరు చూసి కొట్టిచ్చింది. నా మీద కోపమొచ్చిందా బిడ్డా?"

"నాకెందుకు కోపం? రోజూ చేస్తున్నా. నువ్వే ఎత్తుతలేవు."

"మోగితె గద ఎత్తేది. ఒక్కనాడు మోగలే. నేను ఒత్తితె ఏదో రాసొస్తుంది, పోతలేదు. నేనేమన్న అన్ననా అని ఒకటే సోంచాయించిన."

"ఏమీ అనలేదత్తా."

"మల్ల వాని ఫోటో ఎందుకు తీసినవు?"

నేను ఏదో చెప్పాను. అందరూ భయపడుతున్నారని, బాగుండదని. అత్త విన్నది.

"నాకు భయం లేదు. నా కొడుకును చూస్తె నాకేం భయం?" అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. పక్కన నర్సవ్వ ఉన్నట్టుంది. "మోగేటప్పుడు పెద్దగ గనవడుతుండె, నవ్వుకుంట. ఎత్తితె చెవుకాడ పెట్టుకోవాలె గద, ఇగ గనవడడు. అందుకే ఒకపారి మోగనిద్దును. ఆగిపోయేదాక చూద్దును. నువ్వు మల్ల చేస్తవని నాకు ఎర్కనే. రెండోపారికి ఎత్తుదును."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"కోపం చెయ్యకు బిడ్డా. నీకు తొందరుంటదని తెలుసు. ఆ ఫోటో మల్ల పెట్టు."

"పెడతా."

"పెట్టు బిడ్డా. ఇగ నర్సవ్వ ఇంటికి పోవాలెనట."

మార్చి 15, మళ్లీ

ఫోటో పెట్టాను. ఊరి ఇంటి ముందు తీసింది, బనీను మీద తువ్వాల, నవ్వుతూ. పెట్టాక అత్తకు చేశాను. బిజీ.

బ్లాక్ ఉండగా అక్కడ కనబడదు కదా.

మార్చి 16

గ్రూపులో పరుశురాం అందరికీ పెట్టాడు. ఎవరి పేరూ లేదు. 'జర మర్యాద పాటించండి. చనిపోయినవారి నంబర్లు వాడేవారు ఫోటో, పేరు మార్చుకోగలరు. శుభకార్యాల ఫోటోల కింద చూసి పెట్టగలరు.' కింద పదిహేను మంది బొటనవేళ్లు పెట్టారు. సాంబయ్య కాక పెట్టలేదు.

మార్చి 22

ఆదివారం సెలవు. పరుశురాంను రమ్మన్నాను. సంధ్యను ట్యూషన్‌కు పంపించాను. చాయ్ పెట్టి, తాగేదాకా ఆగి అడిగాను.

"అత్త ఫోనులో నా నంబరు బంద్ చేసింది నువ్వేనా?"

"నేనే" అన్నాడు. దాచలేదు.

"ఎందుకు?"

అతను గోడకు ఉన్న అన్న ఫోటో వైపు చూడలేదు. తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాడు.

"నేను పోయినప్పుడు చూసిన ఒదినె. పగటికే వచ్చి ఫోను ఒళ్లె పెట్టుకొని గడపల కూసుంటది. అన్నం తినది, మాపటికి మల్లేష్ చేస్తడు అంటది. సంగీత చేస్తది అనది. మల్లేష్ చేస్తడంటది. షుగరుకు గోలీ ఏసుకొని తినకుంట కూసుంటె ఏమైతది? ఆ ఫోటో బంద్ అయినంక గూడ గట్లనే కూసున్నది, ఇయ్యాల వస్తడేమో అని. నేనున్న రెండ్రోజుల్ల ఒకనాడు కండ్లు తిరిగి పడ్డది. డాక్టర్ నన్ను తిట్టిండు."

నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"నాకు చెప్పవద్దా?"

"ఎట్ల చెప్పుదు? నువ్వు చెయ్యవట్టే గిట్లయితుంది అని చెప్పాల్నా నీకు?"

చాయ్ గిలాస కింద పెట్టాడు. పెట్టినాక కూడా దాన్ని వదల్లేదు.

"నాకు గూడ వచ్చింది ఒకనాడు. నువ్వు ఊరి నుంచి వచ్చిన కొత్తల. నేను సాంచాల నడుమ ఉన్న. జేబుల మోగింది. తీస్తె అన్న. ఎత్తి, 'ఆ అన్నా, చెప్పే' అన్న. నువ్వు అవతల ఏదో మాట్లాడుతున్నవు, సంధ్య బడి ఫీజు అనో ఏందో. నాకు సమజైతలేదు, ఈ ఆడమనిషి ఎవలు అన్న ఫోన్ల అని. నాలుగు సాంచాలు పోగులు తెగి ఆగినయి. చూసుకోలే నేను. మేస్త్రీ వచ్చి బూతులు తిట్టిండు. మంచిగనిపించింది తిడితె."

నేను ఆ రోజు ఫోను చేసినట్టు నాకు గుర్తే లేదు.

"నంబర్ మార్చు ఒదినె. కొత్తది తీసుకో. నీ ఫోటో పెట్టుకో, ఎవడేమంటడో నేను చూస్త. నేనే పోయి అవ్వ ఫోన్ల ఏసి వస్త. అవ్వకు నువ్వు గావాలె. అన్న లేడు."

అత్త మొదటిసారి ఫోను ఎందుకు ఎత్తదో అతనికి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఇతను ఏం చేయాలి? వినడమే తప్ప చేయడానికి ఏమీ లేదు. చెప్పలేదు.

"ఆలోచిస్తా" అన్నాను.

మార్చి 23

కొత్త నంబరు సంగతి సంధ్యకు చెప్పాను. అది అన్నం కలుపుతూ అన్నది.

"నంబర్ బంద్ అయితే కొన్ని రోజులకు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు మమ్మీ. ఎవడో ఎత్తుతాడు. హలో కౌన్ అంటాడు."

"అందాకా రీచార్జ్ చేస్తూ ఉందాం."

"ఎన్ని రోజులు?"

అది ఫోను తీసుకుపోయి బయట మెట్ల మీద కూర్చుంది. ఆయన గొంతుతో ఉన్న పాత మెసేజులు వింటోంది. 'సంధ్యా, పాల పాకెట్ తెచ్చుకో బిడ్డా, నేను లేటయితా.' అంతే ఉంది అందులో. చాలాసార్లు విన్నది.

మార్చి 25

పని.

మార్చి 27

నర్సవ్వ నంబరుకు చేశాను. అత్తకు ఇమ్మంటే, "పండుకున్నది, నిన్నటి సంది పానం బాగలేదు, షుగరు గోలీలు ఏసుకుంటలేదు" అన్నది. "నువ్వెందుకు ఫోను చేస్తలేవు ఆమెకు? నీ ఫోను కోసమే చూస్తది" అని నన్నే కోప్పడింది. నిజమే కదా, ఆమెకేం తెలుసు.

పరుశురాంకు ఫోను చేశాను. ఈసారి అతను వెంటనే ఎత్తలేదు. మోగి మోగి ఆగే ముందు ఎత్తాడు. నేనే అన్నాను.

"కొత్త సిమ్ తీసుకుంటా."

"మంచిది ఒదినె" అన్నాడు.

ఏప్రిల్ 1

కొత్త నంబరు వచ్చింది. సంధ్య వాట్సాప్ పెట్టింది. "ఫోటో ఏది మమ్మీ?" అని అడిగింది. నా ఆధార్ కార్డు కోసం తీసిన ఫోటో పెట్టమన్నాను. అందులో నేను నవ్వలేదు. చీర కూడా కనబడదు.

పాత సిమ్ తీసి కాగితంలో చుట్టింది సంధ్య. ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.

ఏప్రిల్ 3

సంధ్య బడి నుంచి వచ్చి చెప్పింది, గ్రూపులో నుంచి పప్పా నంబరును కాక తీసేశాడని. దాని స్నేహితురాలి నాన్న ఫోనులో చూసిందట. 'పరుశురాం మల్లేష్‌ను తీసేశారు' అని వచ్చిందట. అన్నను తమ్ముడు తీసేసినట్టు అట్లా రాసి వస్తుంది, యంత్రం కదా.

నన్ను ఆ గ్రూపులో వేస్తావా అని పరుశురాంను అడిగాను. "అందరు మొగోళ్లే గద ఒదినె. ఏమన్న ముఖ్యమైంది ఉంటె నేను చెప్త" అన్నాడు. చెబుతాడు. చెప్పే మనిషే.

ఏప్రిల్ 5

పరుశురాం ఊరికి పోయాడు. అత్త ఫోనులో నా కొత్త నంబరు వేశాడు. పాతది తీసేశాడు. నా ఫోటో అత్తకు చూపించి, ఇది వస్తే ఎత్తు అని రెండుసార్లు నేర్పించానని చెప్పాడు.

సాయంత్రం చేశాను. వెంటనే ఎత్తింది.

"సంగీతనా?"

"నేనేనత్తా. తిన్నవా?"

"తిన్న."

"గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. పరుశురాం ఏసిండు."

ఫోటో మాట నేను ఎత్తలేదు. అత్త కూడా ఎత్తలేదు. పెడతానని చెప్పి పెట్టలేదని ఆమె అనుకుంటోందా, ఏమైందో ఆమెకు పరుశురాం చెప్పాడా, తెలియదు. ఎండలు ముదిరాయని అన్నది. ఇక్కడ కూడా అన్నాను.

ఏప్రిల్ 6

మొదటి రింగుకే ఎత్తింది.

ఏప్రిల్ 7

మొదటి రింగుకే.

ఏప్రిల్ 9

ఒకసారి కావాలని, మోగగానే నేనే పెట్టేద్దాం, మళ్లీ చేద్దాం అనుకున్నాను. కొంచెంసేపు ఆమె చేతిలో మోగనిద్దామని. ఎందుకో నాకే తెలియదు. కానీ అంతలోనే ఎత్తేసింది.

ఏప్రిల్ 12

పరుశురాం ఊరి నుంచి వచ్చాడు. అత్త పంపిన చింతపండు, పెసలు ఇచ్చాడు. ముఖం తేటగా ఉంది. ఆయన పోయాక అతన్ని ఇట్లా చూడటం ఇదే మొదలు. సంధ్యతో కూడా పరాచికాలాడాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు.

"చూసినవా ఒదినె, అవ్వ ఇప్పుడు నీ ఫోను ఎట్ల జల్ది ఎత్తుతుందో. ముందు గంటసేపు మోగుతుండె. ఇప్పుడు మోగుడే ఆలస్యం, ఎత్తుతుంది. మనసు నిమ్మలమైంది ఆమెకు."

అవునన్నాను.